పదో తరగతికి వృత్తుల రోజు: అనంతపురం జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాల ప్రాజెక్టు డైరీ

ఆగస్టు చివర

వృత్తుల రోజు అంటే ఎనిమిది బల్లల దగ్గర ఎనిమిది మంది తమ పనిని పిల్లల చేత చేయించి చూపే రోజు. పని మొదలుపెట్టింది తేదీతోనే. వక్తలెవరు, మైకు ఎవరిది అన్నవి తర్వాతి సంగతులు. మన వైపు ఖరీఫ్ శనక్కాయ అక్టోబరులో పీకుతారు, వాన ఆలస్యమైతే నవంబరు మొదటి వారాల దాకా సాగుతుంది. ఆ రోజుల్లో పల్లెల నుంచి వచ్చే పిల్లల్లో కొందరు బడికి రారు. కూలికి పోయే తల్లిదండ్రులు అసలే రారు. డిసెంబరు దాటితే పదో తరగతికి పొద్దున, సాయంత్రం ప్రత్యేక తరగతులు మొదలై, ఒక పూట అడిగినా సబ్జెక్టు టీచర్లు ఇవ్వలేరు. ఇంకోటి, పబ్లిక్ పరీక్షల నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) బడి నుంచి వెళ్లేలోపు పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు సరిచూసుకోవాలి. ఈ మూడూ కలిసేది సమ్మేటివ్ పరీక్షలు అయిపోయాక వచ్చే నవంబరు మూడో శనివారం దగ్గరే. మండల కేంద్రంలో సంత జరిగే రోజు కాకుండా చూసుకున్నాం. సంత రోజు ఆటోలు దొరకవు, తల్లులు దొరకరు.

పదో తరగతిలో 96 మంది. తొమ్మిదో తరగతినీ కలుపుకుందామని సూచన వచ్చింది, ఒప్పుకోలేదు. 200 మంది పిల్లలకు ఎనిమిది బల్లలంటే బల్లకు 25 మంది. ముందున్న ఆరుగురు చూస్తారు, వెనకున్నవాళ్లు ఒకరినొకరు తోసుకుంటారు. 12 మందిని మించిన గుంపులో ప్రతి బిడ్డ చేతికీ పనిముట్టు అందదు. చేతికి అందకపోతే అది మళ్లీ ఉపన్యాసమే. తొమ్మిదో తరగతికి ఫిబ్రవరిలో విడిగా ఒక పూట పెట్టుకోవచ్చు.

సెప్టెంబరు

పిలిచే మనుషుల కోసం మూడు షరతులు రాసుకున్నాం. ఆ పనిని ఇప్పుడు చేస్తున్నవాళ్లయి ఉండాలి. వీలైనంతవరకు పదో తరగతి దాటి పదిహేనేళ్లు మించకూడదు, ఎందుకంటే అంతకు ముందువాళ్లు చెప్పే దారులు చాలావరకు ఇప్పుడు లేవు. ఎనిమిది మందిలో కనీసం నలుగురు ఆడవాళ్లు ఉండాలి, అదీ నర్సు, టైలర్ బల్లల దగ్గర మాత్రమే కాకూడదు. పెద్ద హోదా అక్కర్లేదు. కలెక్టర్ కావడం ఎలాగో వినడానికి పిల్లలకు ఇంకా చాలా ఏళ్లుంది. డిప్లొమా చేసి మూడేళ్లుగా కర్మాగారంలో లైన్ మీద పనిచేస్తున్న అక్క చెప్పేది మాత్రం వచ్చే మే నెలలోనే పనికొస్తుంది.

బల్లలు ఇలా కుదిరాయి: ఇంటి వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్, డ్రిప్ (బిందు సేద్యం) టెక్నీషియన్, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం స్టాఫ్ నర్సు, గుంతకల్లు వైపు నుంచి ఒక అసిస్టెంట్ లోకో పైలట్ (రైలింజన్ డ్రైవరుకు సహాయకుడు), ధర్మవరంలో జకార్డు మగ్గానికి డిజైన్లు వేసే అమ్మాయి, పెనుకొండ దగ్గరి కార్ల కర్మాగారంలో నాణ్యత తనిఖీ చేసే డిప్లొమా ఉద్యోగిని, రాయదుర్గం జీన్స్ కుట్టే యూనిట్‌లో కటింగ్ మాస్టర్, గ్రామీణ డాక్ సేవక్‌గా చేస్తున్న ఒక బ్రాంచ్ పోస్ట్‌మాస్టర్.

రోజు కూలి మీద బతికే అతిథికి ఆ రోజు పోతే సంపాదన పోతుంది. ఎలక్ట్రీషియన్, కటింగ్ మాస్టర్ ఇద్దరికీ ఒక రోజు కూలి, బస్సు ఛార్జీలు ఇవ్వాలని ముందే లెక్కలో రాసుకున్నాం. "సేవాభావంతో రండి" అని పిలిస్తే మొహమాటానికి సరేనంటారు. పొద్దున పని తగిలితే రారు, ఆ బల్ల ఖాళీగా మిగులుతుంది. నెల జీతగాళ్లకు ప్రధానోపాధ్యాయుల సంతకంతో వాళ్ల పై అధికారి పేరున ఉత్తరం పంపాం. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు కనీసం మూడు వారాల ముందు ఆ ఉత్తరం చేరాలి. లేకపోతే షిఫ్టు మార్చుకోవడం కుదరదు.

శాలువాలు, జ్ఞాపికలు, జ్యోతి ప్రజ్వలన, వేదిక మీద కుర్చీల వరస: వీటన్నిటినీ తీసేశాం. ఒక్కో శాలువాకు పేరు పిలిచి, కప్పి, ఫోటో తీసేసరికి మూడు నిమిషాలు. ఎనిమిది మందికి 24 నిమిషాలంటే, మారే సమయంతో కలిపి సరిగ్గా ఒక బల్లకు పట్టే సమయం. ఆ సమయం పిల్లలది. అతిథులకు మర్యాద కావాలంటే వచ్చినప్పుడు టీ, మధ్యాహ్నం పిల్లలతో కలిసి భోజనం, వెళ్లేటప్పుడు పిల్లలు చేత్తో రాసిన ఉత్తరం. ఫ్లెక్సీ డబ్బులు వైర్లకు, జిరాక్సులకు పెట్టాం.

అక్టోబరు: గుంపుల లెక్క

ఈ భాగం కొంచెం వివరంగా రాస్తున్నాం. ఇలాంటి రోజులు చెడేది ఎక్కువగా ఇక్కడే.

బల్ల దగ్గర 20 నిమిషాలు, మారడానికి 4 నిమిషాలు. ఎనిమిది బల్లలూ చూపించాలంటే 192 నిమిషాలు, మధ్యలో విరామం కలిపితే మూడున్నర గంటలు. మధ్యాహ్న భోజనం లోపు అయ్యే పని కాదు, పిల్లలకు అంత ఓపికా ఉండదు. బల్ల దగ్గర సమయాన్ని 12 నిమిషాలకు తగ్గిస్తే చెయ్యి పెట్టే వీలుండదు. అందుకే ప్రతి బిడ్డా ఆరు బల్లలే చూస్తుంది. 144 నిమిషాలకు 15 నిమిషాల విరామం కలిపితే 159. ఉదయం 9:45కు మొదలుపెడితే 12:24కు అయిపోతుంది.

96 మంది 12 మంది చొప్పున ఎనిమిది గుంపులు. బల్లలకు 1 నుంచి 8 దాకా గుండ్రంగా నంబర్లు. మూడో గుంపు మూడో బల్ల దగ్గర మొదలై 3, 4, 5, 6, 7, 8 చూస్తుంది, 1, 2 చూడదు. అంటే ఏ గుంపుకైనా పక్కపక్కన ఉన్న రెండు బల్లలు తప్పిపోతాయి. పిల్లలకు ఒక చీటీ ఇచ్చి తప్పకుండా చూడాలనుకునే రెండు బల్లలు రాయమన్నాం. ఆ రెండూ తప్పిపోని గుంపులోనే ఆ బిడ్డను వేయాలి. ఏ బిడ్డకైనా ఎనిమిదింటిలో కనీసం నాలుగు గుంపులు దొరుకుతాయి. కోరిన రెండు బల్లలూ పక్కపక్కవైతే ఐదు దొరుకుతాయి. కాబట్టి ఎక్కువ మంది కలిపి కోరే రెండింటిని దూరంగా పెట్టకుండా పక్కపక్కనే పెట్టాలి. ఇక్కడ నర్సు, లోకో పైలట్ బల్లలే ఎక్కువ చీటీల్లో కలిసి కనబడ్డాయి, వాటికి 4, 5 నంబర్లు ఇచ్చాం.

చీటీల్లో ఇంకోటి తేలింది. ఆడపిల్లలు చాలామంది నర్సు, టైలరింగ్, మగపిల్లలు రైల్వే, కార్లు రాశారు. మొత్తం ఎంపిక పిల్లలకే వదిలేస్తే ఇంట్లో విన్నదే మళ్లీ చూసి పోతారు. రెండు కోరికలు వాళ్లవి, మిగతా నాలుగు తిరుగుడులో వచ్చేవి అన్న పద్ధతి అందుకే. గుంపులో ఆడ, మగ కలిసి ఉండాలి, ఒకే బెంచీ వాళ్లు నలుగురికి మించకూడదు. జాబితాను మూడు ప్రతులు తీసి ఒకటి గోడకు అంటించాం. ఒక్కో బిడ్డ మెడలో గుంపు రంగు రిబ్బను, దాని మీద తిరగాల్సిన బల్లల నంబర్లు. రిబ్బను మీద నంబర్లు లేకపోతే మూడో మారుకల్లా గుంపులు కలిసిపోతాయి.

గంట కొట్టేది ఒక్కరే, బడి గంటే. 17వ నిమిషానికి రెండు దెబ్బలు అంటే ముగించమని, 20వ నిమిషానికి వరస దెబ్బలు అంటే కదలమని. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో టీచర్ సొంత గడియారం చూసుకుంటే 40 నిమిషాల్లోనే ఏదో ఒక బల్ల దగ్గర రెండు గుంపులు పడతాయి.

ఎనిమిది బల్లలనూ ఒకే హాల్లో పెట్టకూడదు, ఎవరి మాటా వినపడదు. వరండాలో మూడు, తరగతి గదుల్లో నాలుగు, డ్రిప్ బల్ల బయట కుళాయి దగ్గర. మైకు ఎక్కడా లేదు. ప్రొజెక్టర్ మీద ఆధారపడే బల్ల ఒక్కటి కూడా ఉండకూడదని ముందే చెప్పాం. కరెంటు పోతే ఆ గుంపుకు 20 నిమిషాలు పోయినట్టే.

అక్టోబరు చివర: రెండు బల్లల తయారీ

ఎలక్ట్రీషియన్ బల్ల మీద 230 వోల్టులు ఉండకూడదు. మెట్ల దీపం వైరింగ్, అంటే కింద వేసి పైన ఆర్పేది, 12 వోల్టుల మీద చేయించాలి. నలుగురికి ఒకటి చొప్పున మూడు చెక్క బోర్డులు. ఒక్కో బోర్డుకు కావలసినవి: టూవే స్విచ్‌లు రెండు, హోల్డర్ ఒకటి, 12 వోల్టుల 5 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒకటి, 1 ఆంపియర్ ఫ్యూజు, ఎరుపు, నలుపు వైరు కలిపి 5 మీటర్లు. మూడింటికీ పాత యూపీఎస్ నుంచి తీసిన 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీలు సరిపోతాయి.

షాపులో టూవే అని అడిగినా వన్‌వే ఇచ్చేస్తుంటారు. వెనక తిప్పి చూడాలి: మూడు టెర్మినళ్లు ఉంటే టూవే, రెండే ఉంటే వన్‌వే. బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు గుండా మొదటి స్విచ్ కామన్‌కు (స్విచ్ ఎటు వేసినా కలిసి ఉండే టెర్మినల్) ఒక వైరు, రెండు స్విచ్‌ల మిగతా టెర్మినళ్ల మధ్య రెండు వైర్లు, రెండో స్విచ్ కామన్ నుంచి బల్బుకు, బల్బు నుంచి మైనస్‌కు. పిల్లలు ఎక్కువగా తప్పేది కామన్ దగ్గరే. కామన్‌కు పోవాల్సిన వైరు పక్క టెర్మినల్‌కు పెడితే, మొదటి స్విచ్ ఒక వైపు ఉన్నప్పుడే రెండోది పనిచేస్తుంది, ఇంకో వైపు వేస్తే ఏం చేసినా దీపం వెలగదు. ఆ తప్పును సరిదిద్దకుండా పిల్లలనే వెతకనివ్వమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పాం, ఎందుకంటే పనిలో సగం తప్పు వెతకడమే. వైరు చివర తోలు 8 నుంచి 10 మిల్లీమీటర్లు తీయాలి. ఎక్కువ తీస్తే పక్క టెర్మినల్‌కు తగులుతుంది, తక్కువైతే స్క్రూ తోలు మీద బిగుస్తుంది. కొన్ని ఎల్‌ఈడీ బల్బులు ప్లస్, మైనస్ తారుమారైతే వెలగవు కాబట్టి ఒక రోజు ముందే అన్నీ పెట్టి చూడాలి. ఫ్యూజు లేకుండా ఈ బల్ల పెట్టకూడదు. బ్యాటరీ షార్టయితే వైరు కాలుతుంది.

డ్రిప్ బల్లకు 16 మిల్లీమీటర్ల లాటరల్ పైపు, గంటకు 4 లీటర్ల డ్రిప్పర్లు, కొలపాత్రలు, స్టాప్‌వాచ్ చాలు. గంటకు 4 లీటర్లంటే మూడు నిమిషాలకు 200 మిల్లీలీటర్లు రావాలి. కానీ ఆ లెక్క చదరపు సెంటీమీటరుకు ఒక కిలో పీడనం మీద, అంటే సుమారు 10 మీటర్ల ఎత్తు నీళ్ల మీద. స్టూలు మీద మీటరు ఎత్తున బకెట్ పెడితే సుమారు 60 మిల్లీలీటర్లే వస్తుంది. నీటిమట్టం 5 మీటర్ల ఎత్తులో ఉండే బడి మేడ మీది ట్యాంకుకు కలిపితే 140 దాకా వస్తుంది. ఎత్తు ఐదింతలైతే నీళ్లు రెండింతల పైచిలుకు మాత్రమే పెరుగుతాయి, వర్గమూలం లెక్క. "డబ్బా మీద నాలుగు లీటర్లు అని రాసుంది కదా అన్నా, ఎందుకు రాలేదు?" అని పిల్లలతో అడిగించడమే ఈ బల్ల ఉద్దేశం. చీనీ (బత్తాయి) తోటలో చివరి చెట్టుకు నీళ్లు ఎందుకు తక్కువ అందుతాయో, ఫిల్టరు మూసుకుపోతే పీడనం ఎక్కడ పడిపోతుందో టెక్నీషియన్ ఆ ప్రశ్న మీద నుంచే చెప్పుకొస్తాడు. ప్రెజర్ కాంపెన్సేటింగ్ డ్రిప్పర్లు (పీడనం మారినా నీళ్లు ఒకేలా వదిలేవి) తేవద్దని చెప్పాలి. తక్కువ పీడనంలో అవి సరిగా పనిచేయవు, ఈ తేడానూ చూపించవు.

మిగతా బల్లలు తేలికే. జకార్డు డిజైనర్‌కు గ్రాఫు కాగితం, రంగు పెన్సిళ్లు: ఒక్కో గడీ ఒక పడుగు, ఒక పేక కలిసే చోటు, రంగు వేసిన గడీ అంటే ఆ పోగు లేవాలని. కటింగ్ మాస్టర్‌కు పాత దినపత్రికలు, సుద్దముక్కలు. నర్సుకు రక్తపోటు యంత్రం, చేతి గడియారం. పిల్లలు ఒకరి నాడి ఒకరు 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించాలి.

నవంబరు మొదట్లో: ప్రశ్నలు, అతిథులకు ముందుమాట

పిల్లలు మొదట రాసిన ప్రశ్నలు "మీ విజయ రహస్యం ఏమిటి?", "మాకిచ్చే సందేశం ఏమిటి?" లాంటివి. వాటికి ఉపన్యాసమే జవాబుగా వస్తుంది. తెలుగు పీరియడ్‌లో కూర్చోబెట్టి పని గురించి అడిగే ప్రశ్నలుగా మార్పించాం. నిన్న డ్యూటీ ఎక్కినప్పటి నుంచి దిగేదాకా ఏమేం చేశారు? మొదటి నెల చేతికెంత వచ్చింది, ఇప్పుడెంత వస్తాది? ఈ పనిలో దెబ్బ తగిలేది ఎక్కడ? పదిలో ఏ సబ్జెక్టు ఈ పనికి నిజంగా అవసరమైంది? రాత్రి డ్యూటీ ఉంటే ఇంట్లో ఏమన్నారు? ఒక్కో గుంపుకు ఐదు ప్రశ్నలు, ఏది ఎవరు అడగాలో ముందే పంపకం. నోరు తెరవని పిల్లలకు మొదటి ప్రశ్న ఇస్తే ఆ తర్వాత వాళ్లంతట వాళ్లే అడుగుతారు.

అతిథులకు ఫోన్లో చెప్పిన ముఖ్యమైన సంగతి ఒకటే: మీ పనికి ఏ మెట్టు దగ్గర ఏ తలుపు మూసుకుపోతుందో కచ్చితంగా చెప్పండి. ఇంటర్ స్థాయిలో జీవశాస్త్రం, భౌతిక, రసాయన శాస్త్రాలు చదవకుండా బీఎస్సీ నర్సింగ్‌లో చేరలేరని నర్సు చెప్పాలి. అసిస్టెంట్ లోకో పైలట్‌కు పది తర్వాత తగిన ట్రేడులో ఐటీఐ గానీ, ఇంజనీరింగ్ డిప్లొమా గానీ ఉండాలని, అద్దాలు లేకుండా రెండు కళ్లకూ 6/6 చూపు కావాలని, రంగుల పరీక్ష ఉంటుందని లోకో పైలట్ చెప్పాలి. అద్దాలు పెట్టుకునే బిడ్డకు ఈ మాట 15 ఏళ్లకే తెలిస్తే రైల్వేలోనే వేరే కొలువు చూసుకుంటాడు. డాక్ సేవక్ ఎంపిక పదో తరగతి మార్కుల మీదే జరుగుతుందని, వయసు 18 నుంచి 40 అని పోస్ట్‌మాస్టర్ చెప్పాలి. ఈ ఒక్క మాటకే పది మార్కుల మీద శ్రద్ధ పెట్టే పిల్లలున్నారు.

రక్షణ విషయంలో రాజీ లేదు. అతిథి ఎవరైనా సరే పిల్లలతో ఒంటరిగా ఉండకూడదు, ప్రతి బల్ల దగ్గరా ఒక టీచర్ ఉండాలి. పిల్లల ఫోన్ నంబర్లు తీసుకోవడం, ఇవ్వడం లేదు. ఏదైనా అడగాలంటే బడి ద్వారానే. తల్లిదండ్రులు రాసిచ్చిన ఒప్పుదల లేకుండా ఫోటోలు తీయకూడదు. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు గోడ మీద ఉండాలి.

నవంబరు మూడో శనివారం

ఉదయం తిరుగుడు అనుకున్నట్టే సాగింది. రెండో మారు తర్వాత అతిథుల గొంతులు తగ్గిపోయాయి. ఒక్కొక్కరూ అదే సంగతి ఆరుసార్లు, 72 మంది పిల్లలకు చెప్పాలి. బల్ల కింద నీళ్ల సీసాలు, విరామంలో వేడి టీ తప్పనిసరి. వరండాలో పక్కపక్కన పడిన కార్ల బల్ల, కటింగ్ బల్ల మధ్య ఆరడుగుల దూరం చాలలేదు, పది అడుగులు కావాలి.

మధ్యాహ్నం 2 గంటలకు తల్లిదండ్రులు. ఇక్కడ ఉపన్యాసం లేదు. గోడ మీద నాలుగు చార్టులు, ఒక్కోదాని దగ్గర ఒక టీచర్. ఇంటర్ చార్టులో ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, ఒకేషనల్ గ్రూపుల నుంచి ఎటు పోవచ్చో. పాలిటెక్నిక్ చార్టులో పాలిసెట్ ప్రవేశ పరీక్ష పది సిలబస్ మీదే 120 మార్కులకు, 2 గంటలు జరుగుతుందని, మూడేళ్ల డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చని. ఐటీఐ చార్టులో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు, వెల్డర్, కోపా (కంప్యూటర్ ఆపరేటర్ కోర్సు) ఒక ఏడాది. నాలుగోది ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ: పది మార్కులతోనే ప్రవేశం, రెసిడెన్షియల్ కాని ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు అదనంగా 4 శాతం కలుపుతారు. ఈ చివరి మాట దగ్గర ఎక్కువ మంది తల్లులు ఆగిపోయి మళ్లీ అడిగారు.

ఇంకో మూల సర్టిఫికెట్ల బల్ల. ఆధార్‌లో పేరు, బడి అడ్మిషన్ రిజిస్టర్‌లో పేరు, పుట్టిన తేదీ పక్కపక్కన పెట్టి చూశాం. తేడాలు ఎక్కువగా మూడు రకాలు: ఇంటిపేరు ఒకదాంట్లో పొడి అక్షరంగా, ఇంకోదాంట్లో పూర్తిగా ఉండటం, తండ్రి పేరులో అక్షరం తప్పు, పుట్టిన తేదీ ఆధార్‌లో జనవరి 1 అని పడిపోవడం. నామినల్ రోల్స్ వెళ్లకముందు ఇది బడిలో తేలిపోయే పని. మార్కుల మెమో అచ్చయ్యాక అయితే జిల్లా విద్యాశాఖ, పరీక్షల బోర్డు చుట్టూ తిరగాలి, ఆ లోపు కౌన్సెలింగ్ దాటిపోతుంది. కులం, ఆదాయ ధ్రువపత్రాలకు గ్రామ సచివాలయంలో దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో తేదీ రాసిన చీటీ ఇచ్చాం.

డిసెంబరు

ఐటీఐ వర్క్‌షాపు చూడాలని చేతులెత్తిన పిల్లల్లో 24 మందిని తీసుకెళ్లే ఏర్పాటు చేశాం. వెళ్లే రోజు ప్రాక్టికల్స్ ఉన్నాయో లేదో ముందే అడగాలి. థియరీ రోజు పోతే ఆగిన లేత్‌లు మాత్రమే కనబడతాయి. మూసిన బూట్లు, జడ ముడి, చున్నీ పిన్ను, గాజులు తీసేయడం. బూట్లు లేనివాళ్లకు బడి స్పోర్ట్స్ గదిలోవి ఇచ్చాం. చూడటమే, యంత్రం మీద చెయ్యి వేయకూడదు. కర్మాగారాలకు తీసుకెళ్లాలనుకునే బడులు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి: 14 నిండని పిల్లలను పనికి పెట్టడాన్ని చట్టం నిషేధిస్తుంది, కాబట్టి "ఒక రోజు పని" అన్న పేరు కూడా వద్దు, సందర్శన అనే రాయాలి.

ఇక మిగిలింది వేసవి పని. పాలిసెట్, ట్రిపుల్ ఐటీ, ఐటీఐ దరఖాస్తులు చాలావరకు బడి మూతపడ్డాకే ఉంటాయి. అప్పటికి కొన్ని కుటుంబాలు బెంగళూరు కూలి పనులకు వెళ్లిపోయి, ఫోన్ నంబర్లు మారిపోతాయి. ఒక్కో బిడ్డకు రెండు నంబర్లు, రెండోది ఊళ్లో ఉండే పిన్నమ్మదో, మామదో రాయించుకున్నాం. 96 పేర్లను ఎనిమిది మంది టీచర్లకు 12 చొప్పున పంచాం. నోటిఫికేషన్ వచ్చిన మూడు రోజుల్లో ఫోన్ చేయాలి, దరఖాస్తు నంబరు రిజిస్టర్‌లో రాయాలి. ఆ రిజిస్టర్‌లో ఇప్పుడు ఆధార్ సరికాని 11 పేర్లకు ఎర్ర గీత ఉంది. సంక్రాంతి సెలవుల్లోపు వాటిలో ఎన్ని తీరాయో చూసి, మిగిలినవాళ్ల తల్లిదండ్రులను సచివాలయానికి వెంటబెట్టుకుని వెళ్లాలి.